తీయాల్సిన గొడుగు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఏదంటే, నా బిడ్డ పాలు తాగుతా ఉండగానే నా గుండె ఆగిపోతుందేమో, దానికి తెలియక అది అట్లనే చీకుతా ఉంటుందేమో అని. ఈ మాట ఒకసారి మా ఆయనతో అంటే "ఛీ, నోరు కడుక్కో పో" అన్నాడు. నోరు కడుక్కున్నాను. భయం పోలేదు.

నా పేరు స్వప్న. పుట్టినిల్లు ఆదోని, మెట్టినిల్లు ఎమ్మిగనూరు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా మా అమ్మానాయనా సుగ్గికి పోతా నన్ను కూడా తోలకపోయినారు. సుగ్గి అంటే మా పక్క పనులు లేని కాలంలో ఇంటికి తాళమేసి గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి పోవడం. తిరిగొచ్చేసరికి పరీక్షలైపోయినాయి, నా చదువూ అయిపోయింది. కాబట్టి డాక్టర్ల మాటలు నేను రాస్తే తప్పులుంటాయి. అయితే ఆ మాటలు నా ఒంటి మీద అన్నవి, మరిచిపోయేటివి కావు.

మొదటి కాన్పు పుట్టింట్లోనే అయ్యింది. ఆదోని ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీసినారు. ఆడపిల్ల, సంయుక్త అని పేరు పెట్టుకున్నాం. ఇంటికొచ్చినాక మా అమ్మ సిద్దమ్మ నన్ను చీకటి గదిలో పడుకోబెట్టి, చెవులకు గుడ్డ కట్టి, పథ్యం మొదలుపెట్టింది. మా ఇండ్లల్లో బాలింతకి నీళ్ళియ్యరు. నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని, బిడ్డకు జలుబు చేస్తుందని. ఎండాకాలం, రేకుల ఇల్లు.

"మా, ఒక్క గలాసు మా."

"నాలిక తడుపుకో, సాలు. నేను నిన్ను కన్నప్పుడు ఇది కూడా లేకుండె."

"నువ్వు కన్నప్పుడు ఫ్యాను గూడా లేకుండె. ఇప్పుడుంది గదా, అది ఆపేస్తావా?"

"గమ్మునుండు. నోరు తిప్పితే గూడా గాలి కడుపులోకి పోతాది."

లేచి నడవనియ్యలేదు, మంచం దిగనియ్యలేదు. కొన్నాళ్ళకు ఎడమ కాలు అరటిబోదె మాదిరి వాచింది. అమ్మ వాతం అనింది, ఉప్పు మూట కాపడం పెట్టింది. వాపు తొడదాకా పాకి, ఊపిరి ఎగబోస్తాంటే అప్పుడు నాయన భయపడి బండి మాట్లాడి దూరం ఊరికి, ఒక పెద్దాసుపత్రికి ఎత్తుకపోయినాడు. కాలి సిరలో రక్తం గడ్డ కట్టిందని ఆడ చెప్పినారు. అది కదిలి ఊపిరితిత్తులకు పోతే మనిషి దక్కదంట. రక్తం పల్చనయ్యే మందిద్దామంటే ఆపరేషన్ చేసిన కాడ ఇంకా రక్తం ఆగలేదు.

నా పక్క మంచంలో నా ఈడుదే ఇంకొకామె ఉండె. పేరు నందిని. హొళగుంద కాడి ఊరు. ఆమెది కూడా పచ్చి బాలింత ఒళ్ళే, ఆమెకూ అదే కాలే. మాట సగం కన్నడం, సగం తెలుగు.

"నీకూ నీళ్ళియ్యలేదా అక్కా?" అని అడిగింది.

"లేదు."

"నేను బిడ్డను కడిగే నీళ్ళు దొంగగా తాగినా. సోపు వాసన." ఆ మాటకు నవ్వితే నాకు కుట్లు లాగినాయి.

డాక్టరు వచ్చినాడు. మా ఇద్దరి కాళ్ళు చూసినాడు. మమ్మల్ని చూడలేదు. "పెద్దోళ్ళెవరమ్మా? బయటికి రండి" అన్నాడు. మా అమ్మ, నాయన యేసేపు, నందిని వాళ్ళమ్మ ఈశ్వరమ్మ, ముగ్గురూ పోయి వరండాలో నిలబడినారు. అద్దం తలుపులోనుంచి వాళ్ళ తలలు ఊగేది కనిపిస్తాంది, మాట వినిపించదు. మాకు కాళ్ళు వాచినాయి గాని చెవులు వాచలేదు కదా, మాతోనే చెప్పి ఉండొచ్చు.

"సంతలో గొర్రెలం అక్కా మనం," అనింది నందిని. "బేరం ఆడ జరుగుతాంది. సుమ్నె పడుకో." సుమ్నె అంటే వాళ్ళ కన్నడంలో గమ్మున అని.

నాయన ఆసుపత్రి కాగితం మీద వేలిముద్ర వేసినాడు. నన్ను చల్లటి గదిలోకి తీసుకపోయి, మెడ కాడ సూది పొడిచి, పక్కన టీవీ మాదిరి దాంట్లో చూసుకుంటా ఏదో చేసినారు. నొప్పి పెద్దగా లేదు. కోయలేదు, కుట్టలేదు. దోమ కుట్టినంత గాటు. నా తర్వాత నందినిని తీసుకపోయినారు. బయటికొచ్చినాక అమ్మ నా నుదురు తుడుస్తా అనింది:

"గడ్డ తీసేసినారు తల్లీ. ఇంగ భయం లేదు. నిమ్మళంగా ఉండు."

నిమ్మళంగా ఉన్నాను. రక్తం ఆగినాక మందులిచ్చినారు, మింగినాను. కాలు వాపు దిగింది. ఐదో నెలలో ఒడిబియ్యం పోసి, బిడ్డతో నన్ను ఎమ్మిగనూరికి పంపినారు. మా అత్త భారతి గుమ్మంలోనే దిష్టి తీసి, "సన్నగైపోయింది పిల్ల, మీ అమ్మ తిండి పెట్టలేదా?" అనింది. ఆమె ప్రేమ అంతే, ఎప్పుడూ ఎవరినో ఒకర్ని తిట్టుకుంటా వస్తుంది.

ఏడాది దాటింది. బిడ్డ నడక నేర్చింది. నాకు నడుము నొప్పి మొదలైంది, కడుపులో ఎవరో లోపలినుంచి గుచ్చినట్టు. బిడ్డను ఎత్తుకుంటే ఎక్కువ. మా ఆయన ఉదయ్‌కు టాటా ఏస్ బండి ఉంది, ఊర్లనుంచి పత్తి బోరాలు ఆదోని యార్డుకు తోలుతాడు. ఒకరోజు నన్నూ బిడ్డనూ ముందర కూర్చోబెట్టుకుని ఆదోనిలో స్కానింగ్ సెంటర్ కాడ దించి, "ఎక్స్‌రే తీపిచ్చుకో, బోరాలు దించేసి వస్తా" అని పోయినాడు.

ఆ సెంటర్ డాక్టరు పేరు అమర్‌నాథ్. ఫిలిం చూసి నన్ను లోపలికి పిలిచినాడు.

"ఏమ్మా, ఇది ఇంకా తీయించుకోలేదా?"

"ఏది సార్?"

ఆయన నా ముఖం చూసినాడు. మళ్ళీ ఫిలిం చూసినాడు. మెల్లగా కంప్యూటర్‌ను నా దిక్కు తిప్పినాడు. నా వెన్నుపూసల పక్కన, తెల్లగా, గుడ్డ చిరిగిపోయినాక మిగిలిన గొడుగు ఊచల మాదిరి ఒకటి. రవ్వంత పక్కకు ఒరిగి ఉంది.

"ఇది నాది కాదు సార్. వేరేవాళ్ళ ఫొటో ఏమో."

"నీదేనమ్మా. కాలి గడ్డ పైకి పోకుండా పెద్ద సిరలో పెట్టే జల్లెడ ఇది. గడ్డ భయం పోతానే తీసేయాలి. రెండు మూడు నెలల్లో అయితే ఊరికే వస్తుంది. పెట్టినోళ్ళు చెప్పలేదా నీకు?"

బిడ్డ నా జాకెట్టు పట్టుకుని లాగుతాంది. పుట్టినప్పటినుంచీ నేనున్న ఇల్లు ఈ ఒళ్ళు. దీంట్లోకి ఎవరో వచ్చి, ఇనుము పెట్టి, తలుపేసుకుని పోయినారు. ఇంటామెకు మాత్రం తెలియదు.

ఉదయ్ వచ్చేదాకా ఆగకుండా, బిడ్డను చంకనేసుకుని స్కానింగ్ సెంటర్ నుంచి మా అమ్మ ఇంటికి నడుచుకుంటానే పోయినాను. అమ్మ జిన్నింగ్ మిల్లునుంచి అప్పుడే వచ్చి, తలలో దూదిపింజలు విదిలించుకుంటాంది.

"మా, నా కడుపులో ఏం పెట్టినారు?"

అమ్మ చెయ్యి ఆగింది. నేను ఫిలిం తీసి కిటికీ కాడ పట్టుకున్నాను. ఆమె దాని దిక్కు చూడలేదు. అప్పుడే తెలిసిపోయింది నాకు.

"ఎవరు సెప్పినారు నీకు?"

"నా ఎముకలు సెప్పినాయి. నువ్వు సెప్పు."

"నీ పానం కాపాడేదానికి పెట్టినారు. ఏదో వడపోత జల్లెడంట. పానం కాపాడతాండే దాన్ని యాల తీపిచ్చాల?"

"తీపిచ్చుకోమని సెప్పలేదా డాక్టరు?"

"మూడో నెల్లో రమ్మన్యాడు." గొంతు తగ్గించింది. "నిన్ను మూడో నెల్లో మళ్ళ ఆసుపత్రికి తీస్కపోతే మీ అత్త ఊరకుంటాదా? యాల, ఏమైంది అని అడగదా? కోడలి ఒంట్లో ఇనుముండాదంటే ఆ ఇంట్లో ఉండనిస్తారా నిన్ను? ఇంగో కాన్పుకు పనికిరాదంటారు. ఐదో నెలకు పంపిచ్చాల్సిన పిల్లను ఇంట్లో పెట్టుకొని నేనేం సేసేది?"

"ఉదయ్‌కైనా సెప్పింటే?"

"మగోడు వాళ్ళమ్మకు సెప్పకుండా ఉంటాడా ఏమన్నా?"

నేను బిడ్డను ఒళ్ళో వేసుకుని కింద కూర్చున్నాను. అమ్మ నా పక్కన కూర్చుని, నన్ను ముట్టుకోకుండా, నేల మీద దూది ఏరుతా అనింది, తనను తాను నిమ్మళం చేసుకునేదానికి అనుకుంటా:

"నేనొక్కదాన్నే గాదు. ఆ హొళగుంద ఈశ్వరమ్మ గూడా. ఇద్దరం ఆ వరండాలోనే మాట్లాడుకున్యాము. పిల్లలకు సెప్పొద్దు, బెదురుకుంటారు, గడ్డ తీసేసినారని సెప్తే సరిపోతాది అని. ఆయమ్మ కూతురు గూడా బాగనే ఉంటాది, సూడు."

నా భయం ఆ నిమిషంలో రెండయ్యింది.

ఇంటికి పోయినాక ఉదయ్‌కు చెప్పినాను. "నాకు సెప్పింటే నేనే తీస్కపోయింటా గదా," అన్నాడు. అంతే. అత్త మాత్రం ఊరుకోలేదు. ఫోన్లో మా అమ్మను పట్టుకుని వీధి వీధంతా వినేటట్టు అరిచింది.

"ఏమ్మా సిద్దమ్మా, మాకు పిల్లనిచ్చినావా, ఇనుప సామానిచ్చినావా? ముందే సెప్పింటే పాత ఇనుపోని కాడ తూకమేసి తెచ్చుకునింటాం గదా!"

ఫోను పెట్టేసి నా దిక్కు తిరిగి, అదే గొంతుతో, "నువ్వేంది నిలబడినావు? నీళ్ళు తాగు ముందు. చెంబు నిండా తాగు" అనింది. తాగినాను. ఏడుపుతో సగం బయటికే పోయినాయి.

ఇంక డాక్టర్ల తగాదా. అమర్‌నాథ్ సార్ మంచోడే. మళ్ళీ ఆ సెంటర్‌కు పోతే, నా ముందరే, జల్లెడ పెట్టిన డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టినాడు. వాళ్ళు ఇంగ్లీషులో మొదలుపెట్టి, కోపమొచ్చినప్పుడల్లా తెలుగులోకి దిగినారు.

"ఆరోజు అది పెట్టకుంటే ఈ పాటికి ఆమె ఫొటోకు దండ పడేది," అన్నాడు ఆయన.

"పెట్టినందుకు అనడం లేదు. తీయనందుకు అంటున్నా. పెట్టేదానికి అందరూ ముందుకొస్తారు, తీసేదానికి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు."

"వాళ్ళ నాయనకు చెప్పినాం. వేలిముద్ర ఉంది."

"నాయన సిరలో పెట్టలేదు కదా మీరు!"

తర్వాత ఆయన అన్నాడు, ఇప్పుడు తీస్తే సిర చిరిగే ప్రమాదముంది, ఎంతోమంది దాంతోనే బతుకుతున్నారు, ఉండనీ అని. ఈయన అన్నాడు, ఆమెకు ఇరవైరెండేళ్ళు, ఇంకా యాభై ఏళ్ళు దాన్ని మోయాలా, రేపు ఇంకో కాన్పయితే అని. ఆయన ఏదో పుస్తకంలో ఇట్ల రాసినారన్నాడు. ఈయన ఇంకేదో పుస్తకంలో అట్ల రాసినారన్నాడు. తగాదా అయ్యేదాకా ఇద్దరూ నన్ను "కేసు" అనే అన్నారు. కేసు ఎదురుగా కూర్చుని బిడ్డకు బిస్కెట్టు తినిపిస్తాంది.

ఊచలు సిర దాటి బయటికొచ్చినాయా అని చూసేదానికి ఇంకో స్కాన్ తీయాలన్నారు, చేతికి రంగు మందు ఎక్కించి. అది ఎక్కిస్తే ఒక రోజంతా బిడ్డకు పాలియ్యకూడదు, పిండి పారబోయమని ఆడ పనిచేసే పిల్ల చెప్పింది. బిడ్డ అత్త చంకలో గుక్కపట్టి ఏడుస్తాంది. నేను స్కానింగ్ సెంటర్ బాత్రూంలో నిలబడి, రొమ్ములు రాళ్ళయి, పాలు పిండి తొట్లో పోస్తాండాను. సాయంత్రం అమర్‌నాథ్ సార్‌కు తెలిసి, "అయ్యో, పాలకు ఏం కాదమ్మా, ఇయ్యొచ్చు, అది పాత పద్ధతి" అన్నాడు. పాత పద్ధతి అని పోసేసినాక చెప్పినారు. బాలింతకు నీళ్ళియ్యకూడదనేది కూడా పాత పద్ధతే. ఆ సంగతి కూడా గడ్డ కట్టినాకనే చెప్పినారు. నా దాకా వచ్చేసరికి అన్నీ పాత పద్ధతులే.

స్కాన్‌లో తేలింది. గొడుగు పక్కకు ఒరిగిపోయి, దాని కొక్కెం సిర గోడలో కూరుకుపోయింది. రెండు ఊచలు బయటికి పొడుచుకొచ్చినాయి.

బెంగళూరులో ఇట్లాంటివి తీసేవాళ్ళున్నారని అమర్‌నాథ్ సారే రాసిచ్చినాడు. ఆదోనిలో రైలెక్కినాము. అత్త నేనూ వస్తానని ముందే సంచి సర్దుకుని కూర్చుంది. దారి పొడుగునా మా అమ్మను తిడతానే ఉంది, బిడ్డను మాత్రం ఒళ్ళో నుంచి దించలేదు. రైలు ఎక్కేముందు ఆదోని స్టేషన్లో మా అమ్మ వచ్చి నిలబడింది, డబ్బాలో పులగం పెట్టుకుని. అత్త ఆ డబ్బా తీసుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఈసారి, బెంగళూరు ఆసుపత్రిలో, డాక్టరమ్మ నా మంచం కాడికే వచ్చి కూర్చుని, కాగితం మీద బొమ్మ గీసి నాకు చెప్పింది. "మెడలోనుంచి ఉచ్చు వేసి కొక్కెం పట్టుకుంటాం. తీగ లాగినట్టు లాగుతాం. నువ్వు రావాల్సిన నెలలో వచ్చి ఉంటే అంతే సులువు. ఇప్పుడు కొంచెం కష్టం. రక్తం పోవచ్చు. ఒక ముక్క విరగొచ్చు. నీకు ఇష్టమేనా?"

"నన్నే అడుగుతాండారా?" అన్నాను.

"నిన్ను కాక ఎవర్ని?"

సంతకం పెట్టినాను. అక్షరాలు వంకరపోయినాయి, అయినా నా పేరే.

శానాసేపు పట్టింది. మధ్యలో ఎవరో గట్టిగా ఏదో అన్నారు, ఇంకెవరో పరుగెత్తినారు, నాకు కడుపులోనుంచి వేరు పెరికినట్టు ఒక నొప్పి వచ్చింది. అయిపోయినాక ఒక పళ్ళెంలో పెట్టి చూపించినారు. నల్లగా, నా వేలంత కూడా లేదు. దీని కోసమా ఇంత?

"ఒక ఊచ విరిగి లోపలే ఉండిపోయింది," అనింది డాక్టరమ్మ. "సిర గోడలో ఇరుక్కుని ఉంది. దాన్ని తీయబోతే ఇంకా ప్రమాదం. మామూలుగా అయితే కదలదు. అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయించుకుంటా ఉండు."

మామూలుగా అయితే. ఈ రెండు మాటలు తీసుకుని ఇంటికొచ్చినాను. ముక్క కదిలితే యాడికి పోతుందని అడిగితే, ఆమె కాగితం మీది బొమ్మలో గుండె కాడ పెన్ను పెట్టింది. ఇప్పుడు బిడ్డ పాలకు వస్తే ఒక చెయ్యి దాని తల మీద, ఇంకో చెయ్యి నా గుండె మీద పెట్టుకుంటాను. కొట్టుకుంటాంది అని చూసుకుంటా ఇస్తాను.

ఇంటికొచ్చినాక నాకు వచ్చే కల నా గురించి కాదు. ఒక మంచం, దాని మీద నందిని, "సుమ్నె పడుకో అక్కా" అంటాంది.

ఉదయ్ బండిలో హొళగుంద దిక్కు పోయినాము. ఈశ్వరమ్మ ఇల్లు తెలుసుకునేదానికే సగం పొద్దు పట్టింది. తలుపుకు తాళం. పక్కింటి ముసలాయన అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తాండాడు.

"సుగ్గికి పోయినారమ్మా. అమ్మా, కూతురూ, అల్లుడూ, అందరూ."

"యాడికి తాతా? ఏ ఊరికి?"

"కూలోళ్ళ మేస్త్రి యాడికి తోలితే ఆడికి. గుంటూరు దిక్కంటారు. మిరపతోటకు పేరుంటాదా?"

"ఫోన్ నంబరు ఉందా?"

"సిమ్ములు మారుస్తానే ఉంటారు గదమ్మా ఈ కాలం పిల్లలు."

"నందినికి ఒళ్ళు బాగుందా?"

ముసలాయన బీడీ ఆర్పినాడు. "నడుము నొప్పంటాండె. మూట ఎత్తలేకపోతాందని మొగుడు తిడతాండె. బాలింత నడుము అట్లనే ఉంటాది లేమ్మా."

ఉదయ్ నా భుజం పట్టుకున్నాడు.

పెట్టిన ఆసుపత్రికి ఫోన్ చేస్తే, వేరే పేషంటు వివరాలు ఇయ్యము అన్నారు. నాకు నా వివరాలే చెప్పలేదు వాళ్ళు, ఇంకొకరివి ఎందుకిస్తారు? మా అమ్మ, పాపం, ఈమధ్య మిల్లులో కనపడిన ప్రతి హొళగుంద మనిషినీ ఈశ్వరమ్మ గురించి అడుగుతాందంట. వరండాలో కట్టుకున్న ముడిని ఇప్పుడు పళ్ళతో విప్పుతాంది.

ఇంతా చదివినారు కాబట్టి ఒకటి అడుగుతాను. మీరు గుంటూరు, పల్నాడు దిక్కు వాళ్ళయితే, మీ తోటల్లో మా పక్కనుంచి వచ్చిన కూలోళ్ళు ఉంటే, ఒకసారి పోయి చూడండి. నందిని. సన్నగా ఉంటుంది, మాట సగం కన్నడం, పక్కన ఇప్పుడిప్పుడే నడిచే బిడ్డ ఉంటుంది. మెడకు కుడి పక్క దోమ కుట్టినంత మచ్చ. నడుము పట్టుకుని నడుస్తాంటుంది. వాళ్ళమ్మతోనో మొగుడితోనో చెప్పి రావొద్దు. ఆమెనే పక్కకు పిలిచి, ముందు తాగేదానికి నీళ్ళిచ్చి, ఆమెకే చెప్పండి. గడ్డ తీయలేదు, గొడుగు పెట్టినారు, అది ఇంకా నీ లోపలే ఉంది అని. కడుపు ఎక్స్‌రే ఒకటి తీయించుకునిందా లేదా అని అడిగి కనుక్కోండి.